చీమకుర్తి గెలాక్సీనీ మార్కాపురం పలకనూ ఒకే గాటన కట్టకండి

సంపాదకులకు నమస్కారం.

సొంతిల్లు కట్టుకునేవారి కోసం ఆదివారం సంచికలో మీరు వేసిన రాళ్ల కథనం చదివాను. ధరల పట్టిక, రంగుల ఫొటోలు బాగున్నాయి. అయితే అందులో ఒక మాట చాలామంది నమ్మేదే అయినా తప్పు. కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడితే అగ్నిశిల, ఉన్న రాయే వేడికీ ఒత్తిడికీ కరగకుండా మారితే రూపాంతర శిల. "రూపాంతర శిల భూమి లోపల వేడినీ ఒత్తిడినీ తట్టుకుని వచ్చింది కాబట్టి అగ్నిశిల కంటే గట్టిది" అని రాశారు. ఆ మాట పట్టుకునే పలకరాయిని గ్రానైట్‌లాగే గోడకీ నేలకీ గట్టుకీ ఎక్కడైనా వాడుకోవచ్చన్న సలహా కూడా ఇచ్చారు. ఈ సలహా విన్న ఇంటాయన రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ కింద పెచ్చులు ఏరుకుంటాడు.

ముందు గట్టితనం సంగతి. సున్నపురాయి రూపాంతరం చెందితే పాలరాయి అవుతుంది. రెండింట్లోనూ ప్రధానంగా ఉండేది కాల్‌సైట్ అనే ఖనిజమే. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో దాని కాఠిన్యం 3. ఎంత వేడిలో ఉడికినా, ఎంత బరువు కింద నలిగినా ఆ 3 అలాగే ఉంటుంది. అందుకే పాలరాతి గట్టు మీద నిమ్మచెక్క పెట్టి మరిచిపోతే గుండ్రటి మచ్చ పడుతుంది, కత్తి తగిలితే గీత పడుతుంది. అదే ఇసుకరాయి రూపాంతరం చెందితే క్వార్ట్‌జైట్. అందులో ఉండేది పలుగు (క్వార్ట్‌జ్) అనే ఖనిజం, కాఠిన్యం 7. కత్తి గీస్తే కత్తి ఉక్కే రాయికి అంటుకుంటుంది. ఈ రెండూ రూపాంతర శిలలే. రాయి గట్టిదా మెత్తనిదా అన్నది అందులోని ఖనిజం చెబుతుంది. వేడీ ఒత్తిడీ ప్రధానంగా మార్చేది ఆ ఖనిజాల అమరికను. కొన్నిచోట్ల పాత ఖనిజాలను కరిగించకుండానే కొత్తవాటిగా మారుస్తాయి కూడా. ఇల్లు కట్టేవాడికి పనికొచ్చే తేడా ఈ అమరికలోనే ఉంది.

దీన్ని చూడటానికి ఎక్కడికో పోనక్కర్లేదు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనే ఒంగోలు పక్కన చీమకుర్తిలో ప్రపంచమంతా కొనే గెలాక్సీ రాయి ఉంది. పడమట నల్లమల అంచున మార్కాపురంలో ఒకప్పుడు బడిపిల్లలందరి చేతిలో ఉన్న పలకరాయి ఉంది. మొదటిది అగ్నిశిల, రెండోది రూపాంతర శిల. రెండూ నల్లగానే ఉంటాయి, రెండింటి వయసూ నూరు కోట్ల ఏళ్లకు పైమాటే. పోలిక అక్కడితో సరి.

గెలాక్సీ పుట్టిన శిలాద్రవం వేడి 1,100 డిగ్రీల సెల్సియస్ పైన ఉండేది. అది నేల మీదికి పొంగలేదు. భూమి లోపలే గదిలా చేరి, పైనున్న రాతి దుప్పటి కింద చాలా నిదానంగా చల్లారింది. చల్లారేటప్పుడు ప్లాజియోక్లేజ్ ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ అనే ఖనిజాలు ఒకదాని పక్కన ఒకటి పెరిగి, ఖాళీ దొరికినంత మేర ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని బిగుసుకున్నాయి. అందుకే రాయిని నిలువున కోసినా అడ్డంగా కోసినా తలం దాదాపు ఒకేలా కనిపిస్తుంది, బలం కూడా ఏ దిక్కున చూసినా పెద్దగా మారదు. అదే శిలాద్రవం నేల మీదికి వచ్చి గబగబా చల్లారి ఉంటే గింజ కంటికి ఆనని బసాల్టు అయ్యేది. సన్నటి నెర్రెల్లో దూరి మధ్యరకంగా చల్లారి ఉంటే డోలరైట్ అయ్యేది. రామప్ప గుడిలో అద్దంలా మెరిసే నల్ల మదనికల రాయి ఆ డోలరైటే. వెంట్రుకవాసి నగిషీ చెక్కినా అంచు విరగకుండా నిలిచిందంటే ఆ రాతికి పొర అంటూ లేకపోవడం ఒక ముఖ్య కారణం.

గెలాక్సీలోని బంగారు చుక్కల గురించి మీ కథనంలో "బంగారు రజను" అని రాశారు. అవి బ్రాంజైట్ అనే ఒకరకం పైరాక్సీన్ గింజలు. రాయి చల్లారేటప్పుడు అందులో కరిగి ఉన్న ఇనుము, టైటానియం విడివడి, గింజ లోపల కాగితం కంటే పలచని ఆక్సైడ్ రేకులుగా వరస కట్టాయి. వెలుగు ఆ రేకుల మీద పడి తిరిగొచ్చే కోణంలో మన కన్ను ఉంటేనే చుక్క మెరుస్తుంది. స్లాబ్ పక్కన నడుస్తూ చూడండి, ఒక చుక్క ఆరిపోతే ఇంకోటి వెలుగుతుంది.

వ్యాపారంలో దీన్ని గ్రానైట్ అంటారు కానీ శాస్త్రం లెక్కలో ఇది గాబ్రో కుటుంబానిది. గ్రానైట్ అనిపించుకోవాలంటే పలుగు, ఫెల్డ్‌స్పార్‌లను కలిపి నూరు పాళ్లుగా లెక్కిస్తే అందులో పలుగు కనీసం 20 పాళ్లు ఉండాలి. గెలాక్సీలో పలుగు దాదాపు ఉండదు. ఈ తేడా పేరుకే కాదు, పనిలోనూ కనిపిస్తుంది. పలుగు 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా ఉబ్బుతుంది. గ్యాస్ మంట పెట్టి ఉపరితలాన్ని గరుకు చేసే ఫ్లేమ్డ్ ఫినిష్ ఆ గుణం మీదే నడుస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల దొరికే బూడిదరంగు, గులాబీరంగు గ్రానైట్ల మీద అది చక్కగా వస్తుంది. గెలాక్సీ మీద అంత బాగా రాదు. దానికి బ్రష్ కొట్టే లెదర్ ఫినిష్ నయం. పలకరాయి మీద మంట పెడితే మాత్రం పొరలు పొరలుగా ఎగిరి మొహాన పడతాయి.

ఇక మార్కాపురం పలక. కడప రాతిపొరలు పేరుకున్న పురాతన సముద్రం అడుగున సన్నటి ఒండ్రుమట్టి పొర మీద పొరగా చేరి, గట్టిపడి షేల్ అనే మట్టిరాయి అయింది. తర్వాత భూమి పక్కనుంచి నొక్కింది. నల్లమల కొండలు ముడతలు పడింది ఆ నొక్కుడుకే. ఆ ఒత్తిడిలో మట్టిలోని ఖనిజాలు మెల్లగా సన్నటి అభ్రకం, క్లోరైట్ రేకులుగా మారి, నొక్కిన దిక్కుకు అడ్డంగా అన్నీ ఒకే వైపుకు తిరిగి పడుకున్నాయి. వేడి మూడు వందల డిగ్రీల అటూ ఇటూ, అంతే. ఆ వేడికి రాయి కరగలేదు. కరిగి ఉంటే మళ్లీ అగ్నిశిల ఖాతాలోకే పోయేది. ఇంకా వేడి, ఒత్తిడి పెరిగి ఉంటే ఫిల్లైట్, ఆ పైన షిస్ట్, ఇంకా పైన నైస్ అనే రూపాంతర శిలలయ్యేది.

రేకులన్నీ ఒకే వైపు పడుకోవడం వల్లే పలక ఉలి దెబ్బకు చదునుగా చీలుతుంది. ఇక్కడ మేస్త్రీలు కూడా పొరబడే విషయం ఒకటుంది. పలక చీలే తలం, ఆనాడు మట్టి పేరుకున్న పొర ఒకటే కానక్కర్లేదు. చీలిన పలక మొహం మీద ఐమూలగా రంగు చారలు కనిపిస్తే అవి పాత మట్టిపొరలు. చారలు ఉన్నచోట ఇసుకపాలు ఎక్కువైతే చీలిక అక్కడ వంకర తిరిగి, మెట్టులా ఎగుడుదిగుడు వస్తుంది. చారలు అందమే గానీ, వేలితో రాస్తే గరుకు తగిలే చారను మెట్ల అంచుకు, గడపకు వాడొద్దు.

చీల్చే పని తెలిసినవాళ్లు దిమ్మను ఎప్పుడూ సగానికి సగం చీలుస్తారు. నాలుగంగుళాల దిమ్మను రెండు రెండుగా, రెండును ఒకటి ఒకటిగా, అలా దిగుతారు. ఉలికి రెండువైపులా మందం సమానంగా ఉంటే చీలిక తిన్నగా నడుస్తుంది. లావు దిమ్మ మీదినుంచి ఒక్క పలచని పొర లేపుదామని చూస్తే చీలిక పలచని వైపుకే పరుగెత్తి మధ్యలో తెగిపోతుంది, చేతికి చిన్న ముక్కే వస్తుంది. రెండో జాగ్రత్త తడి. క్వారీ నుంచి వచ్చిన దిమ్మలో సహజంగా ఉండే చెమ్మ ఆరకముందే చీల్చాలి. ఎండలో పడేసి ఆరబెట్టిన దిమ్మ మొరాయిస్తుంది. అందుకే పని తెలిసినచోట దిమ్మల మీద తడి గోనె కప్పి ఉంచుతారు. గెలాక్సీకి ఈ బాధ లేదు. దాన్ని డైమండ్ వైర్‌తో కోసి, ఒకేసారి చాలా బ్లేడ్లతో కోసే గ్యాంగ్‌సా మీదో, చాలా తీగలతో కోసే మల్టీవైర్ మీదో స్లాబులు తీసి, ముతక రాయి నుంచి సన్న రాయి దాకా వరసగా పాలిష్ పట్టడమే. అక్కడ ఖర్చంతా యంత్రానిది, పలకలో ఖర్చంతా చేతిది. పలకకు సహజ చీలిక మొహం ఉంటుంది గనుక పాలిష్ అక్కర్లేదు, మందం మాత్రం ఒకే పలకలో 8 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. నేలకు కొనేటప్పుడు వెనకవైపు మిషన్ మీద సమం చేసినదే అడగాలి. లేకపోతే ఒక పలక అంచు లేచి కాలికి కొట్టుకుంటుంది.

షాపులో ముక్క చేతికి ఇచ్చినప్పుడు మొహం చూడటం కాదు, కోసిన అంచును తడిపి చూడాలి. ఫోన్ కెమెరాను దగ్గరికి లాగినా చాలు. గింజలు అన్ని వైపులకూ చిందరవందరగా, ఒకదానికొకటి కొరుక్కున్నట్టు ఉంటే సాధారణంగా అగ్నిశిల (పాలరాయి, క్వార్ట్‌జైట్ లాంటి పొరలేని రూపాంతర శిలలు తప్ప). పొడుగాటి చారలు, ఒకే వైపు వాలిన రేకులు కనిపిస్తే రూపాంతర శిల. తర్వాత బరువు చూడండి. గెలాక్సీ సాంద్రత దాదాపు 2.95, పలకది 2.7 నుంచి 2.8. అంటే 20 మిల్లీమీటర్ల గెలాక్సీ చదరపు అడుగుకు సుమారు అయిదున్నర కిలోలు. 10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు వంటగట్టు 110 కిలోల దాకా తూగుతుంది, కింద అడ్డపలకలు ఆ లెక్కన వేయించాలి. 10 మిల్లీమీటర్ల పలక చదరపు అడుగుకు రెండున్నర కిలోలే. కత్తి మొన పరీక్ష కూడా ఉంది. పలక మీద తెల్లగా గీత దిగుతుంది, గెలాక్సీ మీద దిగడం కష్టం. ఇక శబ్దం. పలకను రెండు వేళ్లతో అంచున పట్టుకుని సుత్తి పిడితో తడితే గంటలా మోగాలి. మొద్దుగా, చచ్చిన శబ్దం వస్తే లోపల కంటికి కనబడని పొర విడిపోయి ఉంది. అది ఎంత చవకగా ఇచ్చినా పక్కన పెట్టండి.

బాగా నల్లగా ఉన్న స్లాబును చవకగా ఇస్తున్నారంటే తెల్లగుడ్డ మీద కాస్త నెయిల్ పాలిష్ రిమూవర్ పోసి రుద్దండి. గుడ్డ నల్లబడితే అది బూడిదరంగు రాయికి పూసిన రంగు. అసలు గెలాక్సీ రంగు గుడ్డకు రాదు.

నీరు పీల్చే గుణం అన్నింటికంటే నమ్మకమైన పరీక్ష. భారతీయ ప్రమాణం ఐఎస్ 1124 ఈ పరీక్ష కోసమే ఉంది. ఇంట్లోనూ దాదాపుగా చేసుకోవచ్చు. 10 సెంటీమీటర్ల చదరం, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గెలాక్సీ ముక్క 590 గ్రాముల దాకా ఉంటుంది. దాన్ని ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఒక రోజు ఆరబెట్టి, చల్లారాక తూచాలి. ఒక రోజంతా నీళ్లలో ముంచి, తీసి, తడిగుడ్డతో పైచెమ్మ మాత్రం అద్ది మళ్లీ తూచాలి. పెరిగిన బరువును మొదటి బరువుతో భాగించి నూరుతో హెచ్చవేస్తే శాతం వస్తుంది. 590 కాస్తా 591 అయితే 0.17 శాతం, దివ్యంగా ఉంది. 593 అయితే 0.5 శాతం, ఆ రాయిని సింక్ దగ్గరికి రానివ్వొద్దు. ఒక గ్రాము తేడా మీద తీర్పు తేలుతోంది కనుక కూరగాయల తక్కెడ సరిపోదు, గ్రాములో పదో వంతు చూపే చిన్న కాటా కావాలి. పలకకు ఇదే పరీక్ష మూడు నాలుగుసార్లు తడిపి ఆరబెట్టి చేయండి. బరువు సంగతి అలా ఉంచి, గిన్నె అడుగున పొట్టులాంటి పొడి మిగిలిందా చూడండి. మిగిలితే గోడ మీద కూడా అదే రాలుతుంది.

పలకలోనూ బంగారు మెరుపు కనిపిస్తుంది, కొందరు దాన్ని గెలాక్సీ చుక్కలాంటిదేనని అమ్ముతారు. ఇక్కడ జాగ్రత్త. పలకలో మెరిసేది పైరైట్, ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. గెలాక్సీ చుక్క ఒక కోణంలోనే మెరుస్తుంది. పైరైట్ చిన్న చిన్న ఘనాలుగా, ఇత్తడి రంగులో, ఎటునుంచి చూసినా మెరుస్తుంది. గెలాక్సీ చుక్క వందేళ్లయినా అలాగే ఉంటుంది. పైరైట్‌కు గాలీ నీరూ తగిలితే తుప్పుగా మారి గోడ మీద కాషాయం చారలు దిగుతాయి. తుప్పుతో పాటు గంధకామ్లం పుడుతుంది. ఆ పలకలో కాల్‌సైట్ కూడా ఉంటే ఆమ్లం దాన్ని జిప్సంగా మారుస్తుంది. జిప్సం ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక పొరల మధ్య ఉబ్బి, లోపలినుంచి పొరలను ఒకదాన్నొకటి తోసేస్తుంది. పలక పెచ్చులూడటానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. ఎండను తిడతాం గానీ, ఎండది చిన్న పాత్ర. కొనేముందు పలకను గీకి వచ్చిన పొడి మీద నాలుగు చుక్కల వెనిగర్ వేయండి. బుడగలు లేస్తే అందులో కాల్‌సైట్ ఉంది. మెరుపూ ఉండి బుడగలూ లేస్తే అది వానకు తడిసే గోడకు పనికిరాదు. లోపలి గదిలో టీవీ వెనక గోడకైతే పర్లేదు.

గోడకు అంటించే పద్ధతిలో కూడా పుట్టుక అడ్డొస్తుంది. మన మేస్త్రీలు నాలుగు మూలలా ఒక ముద్ద, మధ్యలో ఒక ముద్ద సిమెంటు పెట్టి రాయిని అదిమేస్తారు. గెలాక్సీ ఆ పాపాన్ని కొంతకాలం భరిస్తుంది. పలక భరించదు. ముద్దల మధ్య ఖాళీలోకి వాన నీరు దిగి నిలుస్తుంది. పలక ఆ తడిని వెనకనుంచీ కింది అంచునుంచీ పొరల వెంబడి పీల్చుకుంటుంది, సిమెంటు ఉప్పు కూడా దాంతోనే పైకి వచ్చి తెల్లగా పొంగుతుంది. పలకకు గమ్‌ను పళ్ల కరణితో వెనకంతా పరిచి అంటించాలి, కింది వరస నేలకు కనీసం రెండంగుళాలు పైన మొదలవ్వాలి, పై అంచు మూతరాయి కింద దాగాలి. గోడ ఎత్తు మొదటి అంతస్తు దాటితే గమ్ ఒక్కదాన్నే నమ్మకుండా స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపులు వేయాలి. రాయి అంచులో రంధ్రం వేసి పిన్ను దించే పద్ధతి మందమైన గెలాక్సీకి బాగుంటుంది. 10 మిల్లీమీటర్ల పలక అంచులో పిన్ను దించితే అది మేకులా పనిచేసి పలకను పొర వెంబడి రెండుగా చీలుస్తుంది. సీలర్ వేసేముందు గోడ ఆరిందో లేదో ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచి చూడండి. పొద్దునకు లోపల చెమ్మ పడితే ఆగాలి. సీలర్ కూడా లోపలికి ఇంకేదే వాడాలి. మీద వార్నిష్‌లా మెరిసే పొర కట్టే రకం తడిని లోపలే బంధిస్తుంది.

ఇక గ్రానైట్ పేరుతో అమ్ముడయ్యే నైస్ రాళ్ల సంగతి. తమిళనాడు నుంచి వచ్చే పారడిసో, కాశ్మీర్ వైట్ లాంటివి షాపులో గ్రానైట్ వరసలోనే నిలబెడతారు. పారడిసోలో గులాబీ, బూడిద చారలు అలలు అలలుగా ఉంటాయి. అది నైస్ సగం కరిగి మళ్లీ గట్టిపడిన మిగ్మటైట్. కాశ్మీర్ వైట్‌లో ఎర్రటి గార్నెట్ చుక్కలుంటాయి. నీళ్లు ఎక్కువ పీల్చే ముక్క అయితే ఆ చుక్కల చుట్టూ కొన్నాళ్లకు తుప్పురంగు వలయం వస్తుంది. ఇవి చెడ్డ రాళ్లు కావు. కానీ చారలున్న రాయికి దిక్కు ఉంటుంది, అది వంటగట్టు కోసేటప్పుడు చూసుకోవాలి. సింక్ ముందు మిగిలే మూడు నాలుగంగుళాల సన్నటి పట్టీ గట్టంతటిలోకీ బలహీనమైన చోటు. చారలు ఆ పట్టీ పొడవునా సాగితే బరువు పడినప్పుడు పట్టీ తట్టుకుంటుంది. చారలు పట్టీకి అడ్డంగా, వెడల్పు మీదుగా పడితే అభ్రకం ఎక్కువున్న ఏదో ఒక నల్లచార దగ్గర టక్కున విరుగుతుంది. స్లాబును కారులోనో ఆటోలోనో పడుకోబెట్టి తెచ్చినా అక్కడే విరుగుతుంది, ఏ స్లాబునైనా నిలబెట్టే తేవాలి. గెలాక్సీకి దిక్కు బాధ లేదు గానీ మూలల బాధ దానికీ ఉంది. సింక్ కోతలో నాలుగు మూలలా ముందు కోర్ బిట్‌తో గుండ్రటి రంధ్రాలు వేసి, రంధ్రం నుంచి రంధ్రానికి కోయాలి. గ్రైండర్ బ్లేడును మూల దాటి పోనిస్తే ఆ గాటు దగ్గర మొదలైన బీట ఆరు నెలల్లో అంచు దాకా నడుస్తుంది.

అగ్నిశిలనూ రూపాంతర శిలనూ ఎప్పుడూ ఇట్టే చెప్పేయొచ్చని కూడా అనుకోవద్దు. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉన్న చార్నకైట్ సంగతే చూడండి. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీద ఉన్న రాయిని చూసి థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1893లో దానికి ఆ పేరు పెట్టాడు. రాయి మాత్రం మద్రాసు పక్క పల్లవరంది. హాలండ్ దాన్ని అగ్నిశిల అన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు చాలాచోట్ల అది రూపాంతరం చెందినదేనని చూపించారు. ఇప్పటికీ ఒక్కో కొండకు ఒక్కో తీర్పు. దాని పొరుగునే విశాఖ కొండల్లో ఉన్న ఖోండలైట్‌కు ఈ గొడవ లేదు, అది అచ్చంగా రూపాంతర శిల. కోణార్క గుడి కట్టింది ఎక్కువగా దాంతోనే. సముద్రపు ఉప్పుగాలికి అందులోని ఫెల్డ్‌స్పార్ మట్టిగా, గార్నెట్ తుప్పుగా మారుతుండటం వల్లే ఆ శిల్పాల ముక్కూ మొహం అరిగిపోయాయి. గట్టిదనుకున్న రూపాంతర శిల గతి అది.

మీ కథనం కంకర జోలికి పోలేదు. కాంక్రీటు పోయించేవాళ్లకు ఇది గెలాక్సీ కంటే ముఖ్యం. గ్రానైట్, డోలరైట్ క్రషర్‌లో పడితే చాలావరకు ఘనాకారంలో, మూలలు తేలి విరుగుతాయి. పలక, షిస్ట్ లాంటివి బిళ్లలుగా విరుగుతాయి. బిళ్లలు కాంక్రీటులో పడుకుంటాయి, వాటి కింద నీరు నిలిచి ఆరాక ఖాళీ మిగులుతుంది. కాంక్రీటు అంతే సులువుగా పరుచుకోవాలంటే సిమెంటు కూడా ఎక్కువ పడుతుంది. 16 నుంచి 20 మిల్లీమీటర్ల కంకరను 10.8 మిల్లీమీటర్ల సందులోంచి దూర్చి చూస్తారు, దూరిపోయేవి బిళ్లలు. బిళ్లలూ పొడుగు ముక్కలూ కలిపి 40 శాతం మించకూడదని కంకరకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 383 (2016 సవరణ) చెబుతోంది. లారీ దిగగానే తట్టెడు కంకర పరిచి కళ్లతో చూసినా సగం తెలిసిపోతుంది.

కోసేవాళ్ల ఊపిరితిత్తుల మాట ఒకటి చెప్పాలి. గెలాక్సీలో పలుగు దాదాపు లేదు కనుక దాని దుమ్ములో ఊపిరితిత్తులను పాడుచేసే స్ఫటిక సిలికా (పలుగు దుమ్ము) తక్కువ. గ్రానైట్‌లో ఎక్కువ. పలకలో కంటికి కనబడని సన్నటి పలుగు పొడి రేకుల మధ్య దాగి ఉంటుంది. పలక మెత్తన కదా అని పొడిగా గ్రైండర్ పెట్టి కోస్తారు, లేచే దుమ్ము గ్రానైట్ దుమ్ము కంటే తక్కువ ప్రమాదమేమీ కాదు. ఆ దుమ్ము వల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తే తిరిగి బాగుచేసే మందు లేదు. బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉండాలి, మొహానికి ఎన్95 మాస్కు ఉండాలి. తువ్వాలు చుట్టుకుంటే ఆ దుమ్ము ఆగదు. ఇంటి యజమాని నీళ్ల పైపు, రెండు మాస్కులు ఇస్తే అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

చివరగా, కథనం కింద పెట్టెలో "పని అయ్యాక సిమెంటు మరకలు పోవడానికి బాత్రూం యాసిడ్‌తో కడిగించండి" అని ఉంది. దయచేసి ఆ ఒక్క వాక్యానికి రేపటి పేపర్లోనే సవరణ వేయండి. ఆ యాసిడ్ గెలాక్సీ పాలిష్‌ను చంపుతుంది, ఇనుము ఖనిజాలను కదిపి పసుపు మరక తెస్తుంది. పలకలోనైతే కాల్‌సైట్‌ను తినేసి పొరల మధ్య దారి తెరుస్తుంది. పాలరాయిని గురించి చెప్పనే అక్కర్లేదు. సిమెంటు పాలను ఆరకముందే తడి స్పాంజితో తుడిపించాలి. ఆరిపోయి ఉంటే చెక్కపేడుతో, నైలాన్ బ్రష్‌తో, మామూలు సబ్బునీళ్లతో రుద్దించాలి. అప్పటికీ పోకపోతే ఆ రాతి రకం పేరు చెప్పి దానికి తగ్గ, ఆమ్లం లేని క్లీనర్ అడిగి, ముందు మిగులు ముక్క మీద పోసి ఒక రాత్రి ఆగి చూడాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు,
ఒంగోలు.